అడ్డపొగా, ఇటలీవాళ్ళ పొట్టి ఆటా

మొన్న మన సంఘం కుర్రాళ్ళు ఇంటికొచ్చి, "తాతగారూ, మీరు కళారంగానికి చాలాకాలం సేవ చేశారట, మా సంచికకు నాలుగు మాటలు రాసివ్వండి" అన్నారు. కళారంగమట, సేవట! నేను చేసింది తెర తాడు లాగడం, కుర్చీలు వేయడం, దీపాలు తుడవడం. అది సేవ అయితే గుర్రానికి గడ్డి వేసినవాడు కూడా యుద్ధవీరుడే. అయినా అడిగారు కాబట్టి రాస్తున్నాను. మీలో తెలుగు చదవడం వచ్చినవాళ్ళు చదవండి. రానివాళ్ళు వచ్చినవాళ్ళ చేత చదివించుకోండి.

పేర్లు మాత్రం చెప్పను. ఊరి పేరు కూడా చెప్పను. మన మలయాలోనే, దిగువ పేరాక్‌లో నది ఒడ్డు ఊరు, స్టీమర్లు వచ్చి ఆగేవి, అంతే. చుట్టుపక్కల రబ్బరు ఎస్టేట్ల దొరలంతా సాయంత్రాలు పొద్దుపోక చచ్చిపోతుండేవారు. వాళ్ళ కోసం ఊళ్ళో ఒక హాలు కట్టారు. చెక్క గోడలు, చెక్క నేల, ఒక వేదిక, పక్కన తాగడానికో గది. నేను ఎస్టేటు లైన్లలో, అంటే కూలీల గదుల వరసల్లో పుట్టి, మిషన్ బడిలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుని, రబ్బరు చెట్లు గీసే పని తప్పించుకుని ఆ హాలుకు కాపలాదారుగా చేరాను. రబ్బరు ధర ఇంకా నిలబడి ఉన్న రోజులు. దొరల దగ్గర డబ్బుండేది, బుద్ధి ఎప్పటిలాగే ఉండేది.

హాలుకు ఒక సెక్రటరీ దొర. బుర్ర మీసాలు, బొంగురు గొంతు, తానే గొప్ప గాయకుణ్ణన్న నమ్మకం. ఆయన కింద పెద్ద కిరాణి, అంటే హెడ్ క్లర్కు. తమిళాయన. తాగడు, పొగ తాగడు, నవ్వడు. ఈ మూడూ చేయనందుకు స్వర్గంలో తనకు ప్రత్యేకంగా కుర్చీ వేసి ఉంచారన్నట్టు నడిచేవాడు. ఆయన కింద నేను. నా కింద ఎవరూ లేరని అనుకునేరు, హాలు ఊడ్చే మనిషి ఉండేది. మలాయిలో తుకాంగ్ సాపు అంటారు. ఆమె కథే ఇది.

ఆమె మన మనిషి. శ్రీకాకుళం వైపు నుంచి చిన్నప్పుడే ఓడెక్కి వచ్చింది, మాట చివర మలాయివాళ్ళ 'లా' కూడా తగిలించేది. మొగుడు ఎస్టేటులో చలిజ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. అన్న ఒకడు సుంగై సిపుట్ దగ్గర ఎస్టేటులో చెట్లు గీసేవాడు. ఆమె మాత్రం ఆ లైన్లలోకి మళ్ళీ వెళ్ళనని, హాలు వెనక గదిలో ఉంటూ ఊడ్చి, తుడిచి బతికేది. నేను అప్పా అని పిలిచేవాణ్ణి. మా వైపు అక్కను అలాగే అంటాం.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ కథ మీకు అర్థం కాదు. చెప్తే ముక్కు చిట్లిస్తారు, నాకు తెలుసు. మన వైపు ఆడవాళ్ళు చుట్ట కాల్చేవారు. మీ ముత్తవ్వలు కూడా కాల్చారు, ఫోటోల్లో కొంగు కప్పుకుని కూర్చున్నారని మోసపోకండి. అదీ మామూలుగా కాదు, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని. దాన్ని అడ్డపొగ అంటారు. నిప్పు లోపల, మోడు బయట, పెదాలు బిగించి ఉంచుతారు. గాలి ఎంత కొట్టినా ఆరదు, బూడిద చీరె మీద పడదు, చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి. అయితే నోట్లో నిప్పు ఉన్నంతసేపు మాట రాదు. అప్ప చీపురు పట్టుకుని చుట్ట వెలిగించిందంటే దేవుడు దిగొచ్చి పలకరించినా జవాబు ఉండదు. దొరలు దాన్ని పొగరు అనుకునేవారు. పొగే గానీ పొగరు కాదు.

ఇక హాలులో ఒక బోర్డు ఉండేది. పనివాళ్ళు లోపల గానీ వెనక గదుల్లో గానీ పొగ తాగితే వెంటనే పని నుంచి తీసేస్తారని. చెక్క హాలు కదా, నిప్పు భయం. ఆ మాట ఇంగ్లీషులో, మలాయిలో, చైనీసులో, తమిళంలో రాసి ఉండేది. తెలుగులో లేదు. మనం ఒకళ్ళం ఉన్నామని ఎవరికి తెలుసు, అందర్నీ తమిళుల్లోనే కలిపి లెక్కేసేవారు. దొరలు మాత్రం అదే చెక్క నేల మీద నిలబడి అరచేతి పొడవు చుట్టలు పీల్చేవారు. వాళ్ళ నిప్పు చదువుకున్న నిప్పు కాబోలు, చెక్కను అంటుకోదు.

పెద్ద కిరాణి ముక్కుకు కొన్నాళ్ళుగా వెనక గదిలోంచి పొగాకు వాసన తగులుతోంది. రోజూ మధ్యాహ్నం, భోజనాల తర్వాత. ఆడమనిషి చుట్ట కాలుస్తుందని ఆయన ఊహకు అందలేదు. ఆయన వైపు ఆడవాళ్ళు వక్కాకు నములుతారు, అంతవరకే. నిప్పు నోట్లో పెట్టుకుంటారంటే కలలో కూడా నమ్మడు. కాబట్టి మిగిలింది ఒకటే: ఆ గదిలోకి ఎవడో మగవాడు వస్తున్నాడు.

సరిగ్గా అదే వారం ఇటలీవాళ్ళు దిగారు. అప్పట్లో ఇటలీ నుంచి పాటల నాటకాల బృందాలు ఓడల మీద తూర్పు దేశాలు తిరిగేవి. ఒపేరా అంటారు. మాటకు బదులు పాట, తిట్టుకు బదులు ఇంకా పెద్ద పాట. పెద్ద బృందం పెనాంగ్, సింగపూరు లాంటి చోట్ల ఉంటే, అందులోంచి నలుగురైదుగురిని చిన్న ఊళ్ళకు తోలేవారు. మాకు వచ్చింది ఆ తోలిన సరుకు. ఒక లావుపాటి గాయకుడు, ఒక గాయని, వేషం కట్టి నోరు మెదపకుండా తిరిగే ముసలాయన ఒకడు, పియానో వాయించే పెద్దాయన. ఆ పెద్దాయన్ని అందరూ మయెస్త్రో అని పిలుస్తుంటే నాకు మేస్త్రీ అని వినబడింది. నేనూ మేస్త్రీ అనే పిలిచాను. ఆయన పలికాడు. అరిచే తీరు చూస్తే తేడా కూడా ఏమీ లేదు.

వాళ్ళు తెచ్చిన ఆట ఒక్క అంకం. గంట కూడా పట్టదు. కథ చెబుతాను, నవ్వొస్తే నవ్వండి. ఒక జమీందారుకు కొత్తగా పెళ్ళయింది. ఇంట్లో పొగాకు వాసన వస్తోంది. తాను తాగడు, నౌకరు తాగడు. ఆ నౌకరు మూగవాడు, అడిగినా చెప్పలేడు. అయితే పెళ్ళానికి ప్రియుడు ఉండాలి! మొగుడు అరుస్తాడు, సామాను పగలగొడతాడు, గొడుగు మర్చిపోయినట్టు నటించి వెనక్కి వచ్చి వెతుకుతాడు. చివరికి తేలేదేమిటంటే, పెళ్ళామే దొంగచాటుగా సిగరెట్టు తాగుతోంది. అంతే. మొగుడు సంతోషంతో పొంగిపోయి, పెళ్ళాం పక్కన చేరి తానూ ఒకటి వెలిగిస్తాడు. తెర.

"మేస్త్రీ, ఇంత చిన్నదాని కోసం ఇంత దూరం వచ్చారా?" అని అడిగాను, గూట్లోంచి గొడుగు తీసి అందిస్తూ.

ఆయనకు కోపం రాలేదు, నిట్టూర్చాడు. వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. పెద్ద నగరాల్లో దీన్ని విడిగా వేయరట. చివర్లో అందరూ పొడుచుకు చచ్చే పెద్ద నాటకం ఒకటి ఉంటే, దానికి ముందు దీన్ని వేస్తారు. భోజనాలు ఆలస్యమైన పెద్దమనుషులు తీరిగ్గా వచ్చి, కోట్లు విప్పి కూర్చునేదాకా వేదిక ఖాళీగా ఉండకూడదు కదా. వాళ్ళు కూర్చునేసరికి ఇది అయిపోతుంది. ఇటలీవాడు కట్టిన పాటలే అయినా ముందు పాడింది ఇటలీలో కాదట, సొంతవాళ్ళకు ఆమాత్రం ఆసక్తి. ఇద్దరు పాడితే చాలు, ఒక గది సామాను చాలు, అందుకే చవక, అందుకే బతికుంది.

"నేను దీని కోసమే వచ్చానని ఇంతవరకు ఒక్క మనిషి నాతో చెప్పలేదు" అన్నాడు మేస్త్రీ. ఆ మాటకు మాత్రం నాకు జాలేసింది. పాటలు బాగున్నాయి మరి. ఆ గాయని ఒంటరిగా కూర్చుని పొగ వదులుతూ పాడే పాట వింటే, పొగాకు అలవాటు లేని నాకే నోరూరింది.

రిహార్సలు జరుగుతుంటే అప్ప చీపురు ఆనించి గుమ్మం దగ్గర నిలబడి చూసేది. నోట్లో చుట్ట లేని సమయం. నేను పక్కన చేరి కథ చెప్పాను.

"సుట్ట కాల్సడానికి మొగుడితో దాపరికమేటి?" అంది.

"ఆల్ల దేశంలో ఆడది కాలిస్తే తప్పట అప్పా."

"మరి సూసినోల్లు ఎందుకు నవ్వుతారు?"

"మొగోడు ఉన్నాడనుకుంటే సుట్ట బయటపడ్డాదని."

ఆమె చీపురు అందుకుంది. "ఆ మొగుడు మంచోడేలే. కడాకర్న పక్కన కూకొని తనూ కాల్సినాడు" అని చెప్పి ఊడ్చుకోవడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం పెద్ద కిరాణి ముక్కు పట్టుకుని వెనక గది మీదికి దాడి చేశాడు. తలుపు దబదబా బాది, దుబాసీ పనికి నన్ను పిలిపించాడు. నేను వెళ్ళేసరికి అప్ప గుమ్మంలో నిలబడి ఉంది. గది నిండా పొగాకు వాసన. ఆమె పెదాలు బిగించి ఉన్నాయి. కిరాణి ఆ మంచం కింద, ఈ తలుపు వెనక, చివరికి నీళ్ళ కుండలోకి కూడా తొంగిచూశాడు. కుండలో దూరేంత మగవాణ్ణి నేనైతే ఎక్కడా చూడలేదు.

"ఎవడు వాడు? కిటికీలోంచి దూకాడా?" అన్నాడు. నేను తెలుగులో అడిగాను. అడిగే నాకు తెలుసు, ఆమె నోట్లో నిప్పు ఉంది. బయటి మోడును నాలుకతో లోపలికి లాగేసుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి గానీ పెదవి కదల్చలేదు.

"పాత్తియా, వాయే తిరక్కల" అన్నాడు కిరాణి నాతో. చూశావా, నోరే తెరవడం లేదు అని. పైగా సామెత కూడా వదిలాడు: "నెరుప్పు ఇల్లామ పొగైయాదు." నిప్పు లేనిదే పొగ రాదట. జీవితంలో ఆయన చెప్పిన ఒకే ఒక్క నిజం అది. అది తన ముందే రెండు పెదాల వెనక ఉందని ఆయనకు తెలియదు.

సంగతి సెక్రటరీ దొర దాకా పోయింది. శనివారం సాయంత్రం ఆట, సోమవారం పొద్దున విచారణ అన్నారు. ఆ సాయంత్రం నేను అప్ప దగ్గరికి వెళ్ళాను. నాలుక కాలి బొబ్బెక్కి ఉంది. కొబ్బరినూనె రాసుకుంటోంది.

"నాను సెప్పేస్తాను అప్పా, అడ్డపొగ అని."

"సెప్తే ఏటవుతాది? నిప్పంటారు. పని తీసేస్తారు."

"సెప్పకపోతే?"

"మొగోడంటారు. అప్పుడూ పని తీసేస్తారు. పేరూ పోతాది." ఆమె నూనె గిన్నె కింద పెట్టింది. "పని పోతే అన్న గడపే నాకు గతి. పేరు పోతే ఆ గడప ఎక్కనియ్యరు. మా వదిన సంగతి నీకు తెల్దు లా."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అది. సెక్రటరీ దొర ఆట సందట్లో పడి ఈ విషయం మర్చిపోతాడేమోనని నేను ఆశపడ్డాను. ఆయన మర్చిపోయినా కిరాణి మర్చిపోనివ్వడని అప్పకు తెలుసు. నన్ను ఎవరితోనూ ఏమీ అనవద్దంది. ఏం చేయాలో తాను చూసుకుంటానంది.

శనివారం ఆట దివ్యంగా సాగింది. చెక్క వేదిక మీద గాయని నిజం సిగరెట్టు వెలిగించింది. దానికి కమిటీ ప్రత్యేకంగా అనుమతి ఇచ్చింది, కళ కాబట్టి. నేను ఇసుక బాల్చీలు రెండు పట్టుకుని పక్కన నిలబడ్డాను. మొగుడు పొగాకు వాసన పసిగట్టి కంగారు పడినప్పుడల్లా దొరలు తొడలు చరుచుకుని నవ్వారు, దొరసానులు రుమాళ్ళతో కళ్ళు తుడుచుకున్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది సెక్రటరీ దొర. వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చున్న కిరాణి పెదాల మీద కూడా ఏదో కదిలింది. నవ్వో, పంటినొప్పో తెలియలేదు. ఊళ్ళో మొదటిసారి ఎవరూ ఆలస్యంగా రాలేదు, ఎందుకంటే దాని తర్వాత పెద్ద నాటకం లేదు. మేస్త్రీ వంగి వంగి దండాలు పెట్టాడు.

ఎవరి బుర్రలోనైనా వెలుగుతుందేమోనని నేను వాళ్ళ ముఖాలు చూస్తూ నిలబడ్డాను. ఇంట్లో పొగాకు వాసన, ఆడమనిషి, లేని మగవాడు. వారం రోజులుగా తమ చేతుల్లో ఉన్న వ్యవహారమే కళ్ళముందు పాట పాడుతోంది. ఒక్కడికీ తట్టలేదు. జమీందారు భార్య వేరు, ఊడ్చే మనిషి వేరు. ఒకరి గురించి నవ్వి, ఇంకొకరి గురించి విచారణ పెట్టుకోవడంలో వాళ్ళకు ఏ ఇబ్బందీ లేదు.

సోమవారం పొద్దున పక్క గదిలో బల్ల వేశారు. సెక్రటరీ దొర, ఇంకో ఎస్టేటు దొర, పెద్ద కిరాణి. దొరలిద్దరి నోళ్ళలోనూ చుట్టలు పొగలు కక్కుతున్నాయి. నేను దుబాసీగా పక్కన నిలబడ్డాను. అప్ప ఉతికిన చీరె కట్టుకుని, తల దువ్వుకుని వచ్చి నిలబడింది. పెదాలు బిగించి ఉన్నాయి. ఈ రోజు కూడానా అనుకున్నాను.

కిరాణి తన ముక్కు చరిత్రంతా విన్నవించాడు. సెక్రటరీ దొర గొంతు సవరించుకుని, "ఆ మనిషి ఎవరో చెప్పమను. చెబితే ఆమెను ఏమీ అనం, వాణ్ణి పట్టుకుంటాం" అన్నాడు. నేను చెప్పాను.

అప్ప మాట్లాడలేదు.

"మళ్ళీ అడుగు."

మళ్ళీ అడిగాను. అప్పుడు ఆమె రెండడుగులు ముందుకు వేసి, బల్ల దగ్గరగా వంగి, నోరు తెరిచింది. నాలుక మీద చుట్ట కణకణా మండుతోంది. దొరలిద్దరూ కుర్చీలతో సహా వెనక్కి జరిగారు. కిరాణి "మురుగా!" అని లేచి నిలబడ్డాడు. ఆమె రెండు వేళ్ళతో చుట్ట తీసి, నిప్పు కొస వాళ్ళ వైపు తిప్పి పట్టుకుంది.

"ఈడేనండి బావు, నా గదిలోకి వొచ్చే మొగోడు. రోజూ మజ్జాన్నం వొస్తాడు. నోట్లో కూకుంటాడు. బూడిదై పోతాడు. నా పెల్లికి ముందునించీ ఉన్నాడు, నా మొగుడికీ తెలుసు. ఇంకో మొగోడు లేడు. అది రాసుకోమను."

మాట మాటా ఇంగ్లీషు చేసి చెప్పాను. సిగ్గుతో కాదు, గర్వంతో చెప్పాను. ఉద్యోగం పోతుందని తెలిసి, తెలిసే వెలిగించుకుని వచ్చింది. పేరు ఒక్కటి చాలనుకుంది.

సెక్రటరీ దొర పగలబడి నవ్వాడు. "అచ్చం ఆట లాగే! శనివారం ఆట లాగే!" అని బల్ల గుద్దాడు. రెండో దొరకు నవ్వుతో దగ్గు పుట్టుకొచ్చి చుట్ట కిందపడింది. అది చెక్క నేల మీద మండుతూ ఉంటే నేనే వంగి తీసి ఇచ్చాను. కిరాణి నవ్వలేదు. ఆయనకు మగవాడు దొరకలేదన్న దుఃఖం. కాకపోతే వెంటనే తేరుకున్నాడు. "సార్, నిప్పు. బోర్డు మీద ఉంది" అన్నాడు.

సెక్రటరీ దొర కళ్ళు తుడుచుకుని ఆలోచించాడు. మంచివాడినని అనిపించుకోవడం ఆయనకు ఇష్టం. "ఒక పని చేద్దాం. వచ్చే శనివారం దొరసానులందరూ టీకి వస్తారు. ఈ విద్య వాళ్ళకు చూపించమను. అప్పుడప్పుడూ అతిథులు వచ్చినప్పుడు కూడా. అలాగైతే ఈసారికి క్షమిస్తాం, పనిలో ఉంచుకుంటాం" అన్నాడు.

నేను చెప్పాను. ఒప్పుకోవాలని లోపల మొక్కుకుంటూ చెప్పాను.

ఆమె నావైపే చూసి అంది. "పంచాయితీ కాబట్టి నోరు తెరిసినాను. ఆటకి తెరవను. అలాగని సెప్పు."

చెప్పాను. వాళ్ళు మళ్ళీ నవ్వారు. ఎంత చమత్కారంగా మాట్లాడుతుందో అని మెచ్చుకున్నారు కూడా. మెచ్చుకుని, నియమం నియమమే అని ఆ పూటే పనిలోంచి తీసేశారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని మన పెద్దలు ఊరికే అనలేదు.

అప్ప మూట కట్టుకుంటుంటే నేను కోప్పడ్డాను. "ఒక్కసారి సూపిస్తే పోయేది కదా! దొరసానులే కదా, మగోల్లు కాదు."

"నేడు దొరసానులంటారు. రేపు దొరలంటారు. ఎల్లుండి నోట్లో దివిటీ ఎట్టమంటారు. ఊరూరా తెలుస్తాది. దానికన్న మొగోడు ఉన్నాడనడమే మేలు లా." ఆమె మూట తలకెత్తుకుంది. "అన్నకి కబురెట్టు, పేరు సెడకుండా వొస్తన్నానని."

కబురు పెట్టాను. అన్న వచ్చి తీసుకుపోయాడు. వదిన వెనక వసారాలో చోటిచ్చింది, మొహం మాత్రం ముడుచుకునే ఇచ్చిందట. ఆమె మళ్ళీ రబ్బరు చెట్లు గీసే పనికి పోయింది. వద్దనుకుని వచ్చిన ఆ లైన్లలోకే.

ఇటలీవాళ్ళు స్టీమరెక్కి పోయారు గానీ ఆట మాత్రం మా ఊరిని వదలలేదు. ఇద్దరు పాడితే చాలు, ఒక గది సామాను చాలు అని మేస్త్రీ చెప్పాడే, ఆ సులువు మా దొరలకూ నచ్చింది. మరుసటి ఏడాది తామే వేయడం మొదలుపెట్టారు. జమీందారు సెక్రటరీ దొర. ఆయన పాడితే నది అవతల కుక్కలు బదులిచ్చేవి. పెళ్ళాం ఒక ఎస్టేటు దొరసాని. మూగ నౌకరు వేషానికి ఏ దొరా ఒప్పుకోలేదు, పళ్ళెం మోయాలి కదా. అది నాకిచ్చారు. బంగారు గుండీల కోటు తొడిగారు. పెద్ద నగరాల్లో మరో నాటకానికి ముందు వేసే ఆట, మా ఊళ్ళో క్రిస్మస్‌కు ఒకసారి, కొత్త గవర్నమెంటు ఆఫీసరు వస్తే ఒకసారి, ఎవరైనా సీమకు, అంటే ఇంగ్లండుకు, పోతుంటే వీడ్కోలుకు ఒకసారి. వేరే ఏదీ వాళ్ళకు చేతకాక అదే మా ఊరి గొప్ప నాటకం అయింది.

మొదటిసారి ఆట అయ్యాక, చప్పట్ల మధ్య, సెక్రటరీ దొర ముందుకు వచ్చాడు. ఇదే హాలులో ఇదే కథ నిజంగా జరిగిందంటూ మొదలుపెట్టాడు. కిరాణి ముక్కు, కుండలోకి తొంగిచూడటం, నాలుక మీద నిప్పు, అన్నీ చెప్పాడు. బాగా చెప్పాడు, ఆ మాట ఒప్పుకోవాలి. "మేం నవ్వుకుని ఆమెను క్షమించేశాం. ఇప్పటికీ ఎక్కడో వెనకాల హాయిగా చుట్ట కాల్చుకుంటూనే ఉంది!" అని ముగించాడు. హాలు దద్దరిల్లింది. నేను పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడి విన్నాను. నాది మూగవేషం.

తర్వాతి సెలవుకు సుంగై సిపుట్ వెళ్ళాను. అప్ప లైను గది ముందు కూర్చుని రబ్బరు గీసే కత్తి నూరుకుంటోంది. ఆమె చేతులు మళ్ళీ పాలతో బంకబంకగా ఉన్నాయి. పరామర్శలు అయ్యాక ఉండబట్టలేక చెప్పాను, ఆటలో నీ కథ కూడా చెబుతున్నారు అప్పా అని.

"నన్నేటి సేసినారు అందులో?"

"క్షమించేసినారట."

ఆమె చుట్ట నోట్లోంచి తీసింది. నేను చూస్తుండగా ఆమె మాట కోసం చుట్ట తీయడం అరుదు.

"క్షమించినారా? నానేటి తప్పు సేసినానని? ఆల్లని అడుగు."

మళ్ళీ ఆట వేసినప్పుడు సెక్రటరీ దొర మామూలుగానే ముందుకు వచ్చి మామూలుగానే చెప్పుకుపోయాడు. క్షమించేశాం అన్న చోటికి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, "కావాలంటే వీణ్ణి అడగండి, అక్కడే ఉన్నాడు" అన్నాడు. నేను పళ్ళెం కింద పెట్టాను. "లేదు దొరగారూ, ఆమెను మీరు పనిలోంచి తీసేశారు. క్షమించడానికి తను చేసిన తప్పేమిటో మిమ్మల్ని అడగమంది" అన్నాను. ఇంగ్లీషులో, వెనక వరసకు వినబడేలా అన్నాను. ఉద్యోగం పోతే పోనీ అనుకునే అన్నాను.

హాలంతా ఒక్కసారిగా నవ్వింది. మూగ నౌకరు మాట్లాడాడు! ముందే నేర్పించి పెట్టారనుకున్నారు. సెక్రటరీ దొర ముఖం ముందు ఎర్రబడి, ఆ నవ్వు విన్నాక వెలిగిపోయింది. తెర దిగగానే నా వీపు తట్టి, "భలే! ఈసారి నుంచి ఆ మాట అక్కడే, అలాగే అను" అన్నాడు.

ఆట వేసినప్పుడల్లా అన్నాను. ఒక్క ముక్క మార్చకుండా అన్నాను, అది నిజం కాబట్టి, ఆమె అడగమంది కాబట్టి. ప్రతిసారీ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. జవాబు మాత్రం ఒక్కడూ చెప్పలేదు.